అందరినీ అడిగారు, ఆమెను తప్ప: ఉండవల్లి పూలతోటలో ఒక ప్రపోజల్ కేసు

"పెళ్లి దాదాపు ఖాయమైపోయిందన్నా. మాఘమాసంలో నిశ్చితార్థం. కానీ నేనింకా తనని అడగలేదు."

నవంబరు చివర్లో ఒక రాత్రి పదింటికి ఫోన్ చేసి ఆ అబ్బాయి అన్న మొదటి మాట ఇది. అతనిది గుంటూరు బ్రాడీపేట, ఉద్యోగం హైదరాబాద్‌లో. అమ్మాయిది విజయవాడ పటమట, ఊళ్లోనే ఒక కాలేజీలో లెక్చరర్. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఇళ్లలో చెప్పారు. ఏడాదిన్నర నానా గొడవలూ అయ్యాక పెద్దవాళ్లు మెత్తబడ్డారు. అబ్బాయి నాన్న వెళ్లి అమ్మాయి నాన్నను అడిగాడు. అమ్మాయి మేనమామ గుంటూరు వచ్చి ఇల్లు చూసి వెళ్లాడు. సిద్ధాంతిగారు జాతకాలు చూశారు. ఇంత జరిగాక వెనక్కి తిరిగి చూసుకుంటే, పెళ్లి చేసుకుంటావా అని ఆ అమ్మాయిని సూటిగా అడిగిన మనిషి ఒక్కరూ లేరు. ఇష్టపడింది కదా, మళ్లీ అడిగేదేముంది అని అందరూ అనుకున్నారు. అబ్బాయికి మాత్రం అదొక ముల్లులా గుచ్చుకుంటోంది.

గుంటూరు, విజయవాడల్లో పదేళ్లకు పైగా పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. ప్రపోజల్స్ ప్లాన్ చేసి తీయడం ఐదారేళ్ల నుంచి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది లైట్ల అక్షరాల గురించి, బెలూన్ల గురించి, కోల్డ్ పైరో (చేతికి కాలని నిప్పురవ్వల ఫౌంటెన్) గురించి అడుగుతారు. ఇతను మాత్రం, "నేను నిజంగా అడిగినట్టు ఉండాలన్నా, అంతే" అన్నాడు. ఈ కేసును మొదట్నుంచి చివరిదాకా రాయాలనిపించింది అందుకే. వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే. "ఆమె కాదంటే ఏం చేస్తావు?"

చాలామంది నవ్వేస్తారు. కొందరికి కోపం వస్తుంది. ఇతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కాదంటే నిశ్చితార్థం ఆపాలి. ఆ మాట నేనే మా నాన్నకి చెప్తాను. అందుకే ఉంగరాలు మార్చుకోకముందే అడగాలి" అన్నాడు. ఆ ఒక్క జవాబుతో బుకింగ్ తీసుకున్నాను.

ఈ పనిలో నాకు ఒక పట్టింపు ఉంది. ఎప్పుడు అడుగుతాడు, ఎక్కడ అడుగుతాడు అన్నది అమ్మాయికి తెలియకపోతే అది సర్‌ప్రైజ్. అసలు పెళ్లి ఆలోచనే ఆమెకు కొత్తదైతే, నలుగురిలో నిలబెట్టి జవాబు లాక్కోవడమే. మొదట్లో అలాంటిదొకటి తీశాను. ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో చుట్టూ యాభై అరవై మంది, అందరి చేతుల్లో ఫోన్లు. అమ్మాయి నవ్వింది, తల ఊపింది, చప్పట్లు మోగాయి. మర్నాడు ఉదయం ఆమే నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆ ఫొటోలు ఎవరికీ ఇవ్వకండి, ప్లీజ్" అంది. ఫొటోలన్నీ తెరిచి ఒక్కొక్కటే చూశాను. నవ్వు పెదాల మీదే ఉంది. రెండు చేతులూ బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వ్యూఫైండర్‌లో ముఖం చూస్తూ చేతుల్ని వదిలేశాను. అప్పట్నుంచి ముందు చేతులే చూస్తాను.

అమ్మాయి తరఫు మనిషి ఒకరు మనతో లేకుండా ప్లాన్ మొదలుపెట్టకూడదు. అబ్బాయికి తను ప్రేమించిన అమ్మాయి తెలుసు. భయపడినప్పుడు, సిగ్గుపడినప్పుడు ఆమె ఎలా ఉంటుందో స్నేహితురాలికి ఎక్కువ తెలుస్తుంది. ఇక్కడ అమ్మాయి చిన్ననాటి స్నేహితురాలితో గంటసేపు మాట్లాడాను. "దానికి నలుగురిలో బర్త్‌డే కేక్ కొయ్యమన్నా చెయ్యి వణుకుతుందన్నయ్యా. స్టాఫ్‌రూంలో తన పుట్టినరోజు ఎవరికీ చెప్పదు" అందా అమ్మాయి. ఈ మాటతో సగం చోట్లు కొట్టేశాను.

అబ్బాయి మనసులో ఉన్నది ప్రకాశం బ్యారేజీ, రాత్రి లైట్లలో. ఎవరికైనా ముందు తట్టేది అదే. 1957లో పూర్తయిన 1,223 మీటర్ల బ్యారేజీ అది, ఫొటోలో అందంగానే పడుతుంది. కానీ దాని మీద బండి ఆపితే వెనక హారన్, నిలబడితే గాలికి జుట్టంతా ముఖం మీదే. పైగా బెజవాడలో బ్యారేజీ మీద పావుగంట నిలబడితే తెలిసినవాళ్లు కనీసం ఇద్దరు పలకరిస్తారు. గాంధీ కొండ మీద 1968లో కట్టిన 52 అడుగుల స్తూపం దగ్గర్నుంచి ఊరంతా కనిపిస్తుంది, కానీ సెలవొస్తే పిల్లల సందడి. ఉండవల్లి గుహలు నాకు ప్రాణం. కొండను తొలిచిన ఆ నాలుగంతస్తుల ముందు ఎవరు నిలబడినా నిండుగా కనిపిస్తారు. అయితే అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, మా లాంటివాళ్లు సరంజామాతో వెళ్లాలంటే ముందుగా అనుమతి ఉండాలి. పైగా లోపల అనంతపద్మనాభుడు శయనించి ఉన్న చోటు. అక్కడ నాటకం ఆడినట్టు ఉండటం నాకు మనసొప్పలేదు.

భవానీ ద్వీపం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. 133 ఎకరాల లంక, చెట్లు, చుట్టూ కృష్ణ, వారం మధ్యలో జనం పలచగా ఉంటారు. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. అక్కణ్నుంచి తిరిగి రావాలంటే బోటు రావాలి. అమ్మాయి కాదంటే? ఔనని కాసేపు ఒంటరిగా ఉండాలనుకుంటే? బోటు వచ్చేదాకా అతని పక్కనే కూర్చోవాలి. అడిగిన చోటునుంచి ఆమె తనంతట తాను లేచి వెళ్లడానికి దారి ఉండాలి. ఏ చోటు చూసినా వెలుతురు కంటే ముందు నేను వెతికేది ఈ దారినే. (ఏటి ఒడ్డు అంటే ఇంకో భయం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాక, వానాకాలంలో నీటి పక్కన బుకింగ్‌లు తీసుకోవడమే మానేశాను.)

చోటు చివరికి స్నేహితురాలి మాటల్లోనే దొరికింది. వీళ్లిద్దరూ కలిసేది ఎక్కడని అడిగితే, ఆదివారాలు స్కూటీ మీద ఉండవల్లి, పెనుమాక వైపు పొలాల్లోకి వెళ్లి కూర్చునేవాళ్లని చెప్పింది. కృష్ణ పక్కన జరీబు నేలలవి. పూలు, కూరగాయలు, అరటి, ఏది వేసినా పండుతుంది. రెండు రోజులు తెల్లవారుజామున బండి మీద తిరిగాను. అరటితోట పక్కన అరెకరం చామంతి కనిపించింది. పసుపు చామంతి, విరగబూసింది. ధనుర్మాసం గిరాకీ కోసం వేసిన తోట. రైతు పెద్దాయన. సంగతి చెప్పి, "మొక్క ఒక్కటి కూడా తొక్కం" అన్నాను. "తొక్కకుండా ఎట్టా తీస్తారు బాబూ? తొక్కినదానికి లెక్క కడదాంలే" అన్నాడు. రెండు వేలు ముందుగా ఇచ్చాను. అలంకరణకు ఈ కేసులో అయిన ఖర్చు అంతే.

చెట్టు చాటునో కారులోనో దాక్కుని తీయడం మా పనిలో మామూలు. నాకది నచ్చదు. కెమెరాను దాచడం కంటే కెమెరాకు ఒక పని చూపించడం మేలు. స్నేహితురాలు మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే పని నిజంగానే మొదలుపెడుతోంది. "నాలుగు చీరలు కట్టుకుని ఫొటోలు దిగాలి, మోడల్‌కి ఇచ్చేంత డబ్బు లేదు, నువ్వు రా" అని అడిగింది. దీనితో మూడు పనులు ఒకేసారి అయ్యాయి. తెల్లవారుజామున పొలానికి ఎందుకన్న ప్రశ్నకు జవాబు దొరికింది. నేను కెమెరాతో ఎదురుగా నిలబడినా అనుమానం రాదు. పైగా అమ్మాయి తనకు నచ్చినట్టు తయారై ఉంటుంది. ఇంట్లో చుట్టుకున్న జడతో, పాత చున్నీతో దొరికిపోయానే అన్న బాధ తర్వాత చాలామంది అమ్మాయిల దగ్గర విన్నాను.

అబ్బాయి అడిగినవాటిలో రెండు కాదన్నాను. ఒకటి డ్రోన్. ఆ చప్పుడులో మనసులో మాట చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా పక్కనే కరకట్ట మీద ముఖ్యమంత్రి నివాసం ఉంది, అక్కడ డ్రోన్ మాటే ఎత్తకూడదు. రెండోది, చొక్కాలో చిన్న మైకు. అతని మాట అతని ఇష్టం. కానీ ఆమె జవాబు ఆమెకు తెలియకుండా రికార్డు చేయడం తప్పు. కొంచెం నొచ్చుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

ఉంగరం సంగతి అతనే తేల్చాడు. ఉంగరాలు నిశ్చితార్థంలో పెద్దవాళ్ల ముందు మార్చుకునేవి, ఇప్పుడు వద్దన్నాడు. మరేమిస్తావంటే పర్సులోంచి చిన్న తెల్ల కాగితం తీశాడు. బస్సు టికెట్. నాలుగేళ్ల కిందట ఇద్దరూ గుంటూరు, విజయవాడ నాన్‌స్టాప్‌లో రోజూ తిరిగేవాళ్లు. ఒకరోజు ఆమె దగ్గర చిల్లర లేకపోతే ఇతను ఇద్దరికీ కలిపి తీసుకున్న టికెట్ అది. మిషన్ టికెట్ కదా, థర్మల్ కాగితం. వేడికి, రాపిడికి అచ్చంతా ఎగిరిపోయింది. వేళ్ల మధ్య పెట్టుకుని కిటికీ వైపు ఎత్తి చూశాను. మడత దగ్గర బూడిదరంగులో రెండంకెలు, అవి కూడా ఉన్నాయో లేవో అన్నట్టు. మిగతాదంతా తెలుపు. "ఏమీ లేదు కదయ్యా ఇందులో" అన్నాను. "తనకి తెలుస్తుందన్నా" అన్నాడు.

డిసెంబరు మధ్యలో ఒక ఉదయం అనుకున్నాం. ఆ రోజుల్లో మనకు సూర్యోదయం ఆరున్నరకు. మంచు పట్టి, దాన్లోంచి వెలుగు దిగే సమయం అరగంటకు మించి దొరకదు. నేను పడమర గట్టు మీద, వాళ్లు తూర్పున. వెలుగు వాళ్ల వెనక నుంచి రావాలి. నిలబడాల్సిన చోట గుర్తుగా ఖాళీ పూలగంప ఒకటి బోర్లించాం. అమ్మాయిని గంప పక్కకు తేవడం స్నేహితురాలి పని. చీర కొంగు పరిచి చూపించమని నేనన్నప్పుడు అబ్బాయి అరటితోటలోంచి రావాలి.

అనుకున్నవి అనుకున్నట్టు జరగలేదు. రెండో కెమెరా పట్టే కుర్రాడిది విద్యాధరపురం. ఆ రోజు ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడిలో భవానీ దీక్షల విరమణ. తెల్లారకముందే ఎర్రబట్టల భక్తులు గిరి ప్రదక్షిణకు బయల్దేరారు, బండ్లు కుమ్మరిపాలెం దగ్గరే ఆపేశారు. సూర్యుణ్ని, మంచును, రైతును, అన్నీ చూసుకున్నాను, ఇంద్రకీలాద్రి క్యాలెండర్ చూసుకోలేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ని, ఇది నా తప్పే. వాడు వచ్చేసరికి ఏడున్నర. పటమట నుంచి వారధి మీదుగా రావాల్సిన అమ్మాయిలకు, మంగళగిరి మీదుగా వచ్చే అబ్బాయికి ఇబ్బంది లేకపోవడం అదృష్టం.

ఇంకో పొరపాటు. కెమెరాను వ్యాన్‌లో ఏసీ పక్కన పెట్టినట్టు గమనించలేదు. డ్రైవరు అద్దాలకు పొగ పట్టకుండా ఏసీ వేశాడు. బయటికి తీయగానే లెన్స్ నిండా చెమట. తుడిస్తే మళ్లీ పడుతుంది, తుడిచేకొద్దీ గీతలు. అద్దం బయటి వేడికి అలవాటు పడేదాకా పది నిమిషాలు ఊరికే నిలబడటం తప్ప చేసేదేమీ లేదు. కెమెరాను బ్యాగులోనే ఉంచి, చోటుకు చేరకముందే ఏసీ ఆపి అద్దాలు దించితే ఈ బాధ ఉండదు.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ పూలు కోసే ఆడవాళ్లు. రైతు వాళ్లను ఆ మూల కోయమని చెప్పాడు. మంచులో ఎనిమిది మంది నడుములు వంచి కోస్తూ, మధ్యమధ్య లేచి మావైపు చూస్తున్నారు. అమ్మాయి అటు చూసి కొంచెం బిగుసుకుంది. స్నేహితురాలు తెలివిగలది. "పూలు కోసే పిన్నులే, మనల్ని కాదు, చీరల్ని చూస్తున్నారు" అంది. మొదటి పావుగంట నిజంగా చీరలే తీశాం. ఆకుపచ్చ మంగళగిరి చీర, నిజాం అంచు. జరీ సన్నగా వెలుగుతోంది. ఆ పావుగంటలో అమ్మాయి కెమెరాకు అలవాటు పడింది, నా అద్దమూ తేరుకుంది.

అతను రావాల్సిన నిమిషంలో రైతు మోటారు వేశాడు. బోదెలోకి నీళ్లు వచ్చేశాయి. మేం చెప్పిన చోట అడుగు పెడితే చీలమండ దాకా బురద. మోకాలి మీద కూర్చోవాలా వద్దా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డాడు పాపం. నేనేమో, "నీకు అలవాటైన తీరులో అడుగు" అని వదిలేశాను. బురద చూసి అతను ఇంక ఏమీ ఆలోచించలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, గట్టు మీద చతికిలబడి, పక్కన చోటు చూపించాడు. ఆమె ముందు స్నేహితురాలి వైపు, తర్వాత నా వైపు చూసి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పక్కన కూర్చుంది.

ఇది మేం అనుకున్నదాని కంటే మంచి ఫ్రేమ్. ఒకరు నిలబడి ఒకరు మోకాలి మీద ఉంటే, నిలబడినవాళ్లు వంగి చూస్తారు, జుట్టు జారి ముఖం కప్పేస్తుంది. దాన్ని పట్టాలంటే మనం నేలకు అంటుకుపోవాలి. ఇద్దరూ ఒకే ఎత్తులో పక్కపక్కన కూర్చుంటే రెండు ముఖాలూ దొరుకుతాయి. 70-200 లెన్స్, ఎఫ్ 2.8, సెకనులో 640వ వంతు, ఐఎస్ఓ 1600. మంచు తెల్లదనానికి కెమెరా మీటరు మోసపోయి చీకటి చేస్తుంది, అందుకే ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచి పెట్టాను. చప్పుడు లేని షట్టర్.

టికెట్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పింది. వెలుగుకు ఎత్తి చూసింది, నేను చూసినట్టే. బొటనవేలితో మడత మీద ఒకసారి నిమిరింది. తర్వాత గుప్పిట మూసింది. తెలిసింది. ఆ మూసిన గుప్పిట దగ్గర నేను తీసినవి ఆరు ఫ్రేములు, ఆ రోజు పనికి అవి చాలు.

అతను అడిగాడు. నాకు వినపడలేదు, పెదాలు కదలడమే చూశాను. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఏదో అంది. ఇద్దరూ లేచి గట్టు వెంబడి నడుచుకుంటూ వెళ్లిపోయారు, మాకు వీపు పెట్టి.

నేను కెమెరా దించేశాను. సరిగ్గా అప్పుడే మంచులోంచి వెలుగు దిగుతోంది. నెలలో రెండు మూడుసార్లు దొరికే వెలుతురు. వేలు లాగుతోంది. ఒక్క ఫ్రేము, వాళ్లు చాలా దూరం వెళ్లాక, వెనకనుంచి తీశాను. ముఖాలు లేవు, అరటాకుల మధ్య రెండు నీడలు. తర్వాత లెన్స్‌కు మూత పెట్టాను. అది వాళ్లు మాట్లాడుకునే సమయం, నాకు డబ్బిచ్చినంత మాత్రాన నాది కాదు. స్నేహితురాలు గోళ్లు కొరుక్కుంటోంది. పూలు కోసేవాళ్లు కూడా చూడటం మానేసి పనిలో పడ్డారు.

ఇరవై నిమిషాలు. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో తర్వాత చెప్పారు. పెళ్లయ్యాక హైదరాబాద్ వెళ్లాలని రెండిళ్లలోనూ అనేసుకున్నారు. ఆమె ఉద్యోగం ఇక్కడ. పీహెచ్‌డీ సగంలో ఉంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే మళ్లీ గొడవవుతుందని ఆమె మింగేసింది. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి! అతను అడిగాడు కాబట్టి చెప్పింది. థీసిస్ అయ్యేదాకా ఆమె విజయవాడలోనే, అతను వారాంతాలకు వచ్చేట్టు, కంపెనీలో ఇంటినుంచి పని అడిగి చూసేట్టు అనుకున్నారు. ఆ మాట అబ్బాయి తన నాన్నకు తానే చెప్పాలి. అలా అయితేనే సరే.

తిరిగి వచ్చేసరికి మంచు విడిపోయింది, ఎండ చురుక్కుమంటోంది. ఆమె కాళ్లకు బురద, చీర అంచు తడిసి నల్లబడింది. నా దగ్గరికి వచ్చి, "సరేనన్నాను అన్నయ్యా. ఇప్పుడు తీయండి" అంది. అలా చెప్పి నిలబడిన మనిషిని నేనెప్పుడూ తీయలేదు. చేతులు చూశాను. ఒకటి అతని చేతిలో ఉంది, రెండోది టికెట్‌తో వదులుగా పక్కకు వేలాడుతోంది.

వెలుతురు బాగాలేదు, నిజమే. కళ్ల కింద నీడలు. అరటాకుల నీడలోకి తీసుకెళ్లి, స్నేహితురాలి తెల్ల చున్నీని రిఫ్లెక్టర్‌లా పట్టించి సరిపెట్టుకున్నాం. అప్పటికి వచ్చిన మా కుర్రాడు అటు పక్కనుంచి తీశాడు.

వెళ్లేటప్పుడు పూలు కోసేవాళ్లలో ఒక పెద్దావిడ గంప నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది. "ఏం అడిగాడమ్మాయ్ నిన్ను అంతసేపు?"

"పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు పిన్నీ."

"మీ నాన్ననడగాలి గదా?"

"నాన్నని ఎప్పుడో అడిగేశారు. నన్నే ఇవాళ అడిగాడు."

ఆవిడ కాసేపు ఆమెను తేరిపార చూసి, గంపలోంచి దోసెడు చామంతులు తీసి కొంగులో పోసి వెళ్లిపోయింది. ఆ ఫొటో మా కుర్రాడు తీశాడు, నేను కాదు.

ఫొటోల దగ్గర నా పద్ధతి ఇది. బుక్ చేసింది అబ్బాయి అయినా, మొదట చూసేది అమ్మాయి. తీసినవి 412. ఏరి 60 ఆమెకు పంపాను. 38 ఉంచుకుంది. గట్టు మీద ఏడుస్తున్నది ఒకటి బాగా వచ్చింది, నిజం చెప్పాలంటే అన్నిటికంటే బాగా వచ్చింది. అది వద్దంది. ఆమె ఎదురుగానే కార్డులోంచి, హార్డ్ డిస్కులోంచి తీసేశాను. నిశ్చితార్థం అయ్యేదాకా ఒక్క ఫొటో కూడా ఎక్కడా పెట్టలేదు. మన దగ్గర పెద్దనాన్నకంటే ముందు ఇన్‌స్టాగ్రామ్‌కు తెలిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు బుకింగ్ ఫారంలో పండగలు, దీక్షలు, తిరునాళ్లకు ఒక గడి కూడా పెట్టాను.

రైతుకు తోట ఫొటో ఒకటి ప్రింటు తీసి ఇచ్చాను, మనుషులు లేనిది. తొక్కిన మొక్కలు పదకొండు అని లెక్క చెప్పాడు, ముందు ఇచ్చింది కాక ఇంకేమీ మాత్రం తీసుకోలేదు.

ఆల్బమ్ మొదటి పేజీలో ఆ టికెట్టే పెట్టాలని ఇద్దరూ అన్నారు. ఎన్ని రకాలుగా వెలుగు పక్కనుంచి కొట్టినా తెల్ల కాగితమే వస్తోంది. చివరికి అమ్మాయే బాల్‌పెన్ తీసుకుని ఆ తెల్లదనం మీద తనకు గుర్తున్నవి రాసింది. గుంటూరు నుంచి విజయవాడ, నాన్‌స్టాప్, పెద్దలు 2. ఛార్జీ దగ్గర ఆమె ఒక అంకె చెప్పింది, అతను ఇంకో అంకె చెప్పాడు. ఎంతసేపటికీ తెగలేదు. ఆ చోటు అలాగే ఖాళీగా వదిలి నాకు ఇచ్చారు.